మంజుల మాటకు జల్లెడ

పోచంపల్లి చీరల కంపెనీ ఒకదానిలో మెయిల్ సర్వర్ చూసుకునే గిరికి ఆఫీసంతా కలిసి పెట్టిన పేరు జల్లెడ గిరి. లాటరీ తగిలిందనీ, బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తామనీ, ఏ దేశంలోనో చచ్చిపోయిన దొరగారు ఆస్తంతా మీకే రాశారనీ వచ్చే దొంగ మెయిళ్లను జల్లించి చెత్తబుట్టలో పోయడం అతని ఉద్యోగం. ఇన్నేళ్లలో ఒక్క దొంగను లోపలికి రానివ్వలేదు.

అంతటి కాపలాదారు ఒకరోజు సొంత భార్యను జల్లించాలనుకున్నాడు. కారణం ఒక బనియన్.

ఆ కంపెనీలో సెల్‌ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. చీర మగ్గం దిగకముందే దాని ఫొటో తీసుకుపోయి మిల్లు బట్ట మీద అచ్చు గుద్దేవాళ్లున్నారు మరి. గేటు పక్కనే స్వాగతం బల్ల దగ్గరుండే ఆండాళమ్మ ఆ ఫోన్లన్నీ చెక్కపెట్టెలో పెట్టి, సాయంత్రం దాకా దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చుంటుంది. కాబట్టి గిరి భార్య మంజుల పగటిపూట మొగుడితో మాట్లాడాలంటే ఉన్నది ఒక్కటే దారి, కంపెనీ మెయిల్.

మంజుల ఇంట్లో ఆసు పోస్తుంది. మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా చెయ్యి ఆడించే పని. చేతులకు తీరిక ఉండదు, నోటికి మాత్రం కావలసినంత. అత్త నర్సింగమ్మ ఉన్నన్నాళ్లూ ఆ నోటికి జోడీ ఉండేది. నిరుడు ఆమె పోయింది. కూతురు వర్షిత నల్లగొండ హాస్టల్లో చేరింది. అప్పటి నుంచి మంజుల ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి దాంతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె అన్నదల్లా అది తెలుగులో రాసుకుంటుంది. చివర్లో ఒక్క వేలు ఆనిస్తే చాలు, మొగుడి దగ్గరికి పోతుంది.

"ఉడుత మళ్ల వచ్చింది. అత్త పీట మీదనే కూసుంది. పో, పో అంటె పోతలేదు. సర్లే, ఉండనియ్. మాట్లాడకున్నా మనిషి తీరుగ సూస్తాంది. నువ్వు పొద్దుగాల గట్లనన్న సూడకపోతివి."

ఇలాంటివి రోజూ వచ్చేవి. గిరి సగం చదివి, "సరే" అని ఒక ముక్క కొట్టేవాడు.

ఆ రోజు యజమాని భిక్షపతి మీటింగ్ పెట్టాడు. గిరి తన కంప్యూటర్‌లోంచి గోడ మీది తెరకు డిజైన్లు చూపిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తెర మూలన మంజుల మెయిల్ ఊడిపడింది. భిక్షపతికి తెలుగంటే ప్రాణం. దుకాణం బోర్డయినా సరే, కనపడితే పైకి చదవకుండా ఉండలేడు.

"'నీ బనియన్ ఉతికిన. చేతికి బనియన్ రాలే, చిల్లులే వచ్చినయి. గా చిల్లులకు దారం కట్టి రంగుల ముంచితె మీ సేటు కొత్త డిజైనని అమ్ముకుంటడు.'" భిక్షపతి కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఆలోచన బాగుంది గిరీ. పేరేం పెడదాం?"

అద్దకం చూసే జానయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. అతని వేళ్ల రంగు అంటి, మొహం మీద కూడా ఒక డిజైన్ తేలింది.

సాయంత్రం ఇంటికి పోయాక గిరి గొంతు సవరించుకున్నాడు.

"ఆఫీసుకు గట్లాంటియి రాయకే."

"గట్లాంటియంటె?"

"బనియన్లు, ఉడుతలు."

"ఇంట్ల ఉన్నయే రాస్తగద. ఏనుగుల్ని యాడికెల్లి తేవాలె?"

"నేను సాయంత్రం వచ్చినంక చెప్పరాదు?"

"సాయంత్రం నువ్వొస్తవ్. నీ చెవులొస్తయా?"

చెవుల సంగతి ఎలా ఉన్నా, గిరి దగ్గర సర్వర్ ఉంది.

మర్నాడు తలుపు మూసుకుని పనిలోకి దిగాడు. ఆమె చిరునామాను నేరుగా ఆపేస్తే దొరికిపోతాడు. కాబట్టి మంజుల పాత మెయిళ్లన్నింటినీ ఒక్కొక్కటిగా చూపించి, "ఇది చెత్త, ఇదీ చెత్త" అని చెత్త మెయిళ్లు పట్టే ఫిల్టర్‌కు నేర్పాడు. రేపు ఆమె నిలదీస్తే "నేనేం చేసిన? మెషీన్ చేసింది" అనొచ్చు. ఫిల్టర్ బుద్ధిమంతురాలు. మధ్యాహ్నానికి పాఠం వచ్చేసింది. సాయంత్రం దాకా ఒక్క ఉడుత కూడా రాలేదు.

గిరి ఇంటికి పోతూ దారి పొడుగునా అబద్ధాన్ని నెమరేసుకున్నాడు. మంజుల నిలదీయలేదు. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, తన పాటికి తాను ముసిముసిగా నవ్వుకుంది. ఆ మర్నాడూ అంతే, ఆ వారమూ అంతే. అబద్ధం సిద్ధం చేసుకుని కూర్చున్న మనిషికి, అడిగేవాళ్లు లేకపోవడమంత దిగులు ఇంకోటి ఉండదు.

"ఏమన్న చెప్పేదుందా?" అని ఒకనాడు తనే అడిగాడు.

"ఏం లేదు. తిను."

సర్వర్ గదిలో చలి. యంత్రం బుయ్యిమంటుంది. మెయిల్ పెట్టె తెరిస్తే లెక్కల వాళ్ల మెయిళ్లు, కొరియర్ వాళ్ల మెయిళ్లు. అవన్నీ కంపెనీకి వచ్చినవి, గిరికి వచ్చినవి కావు. భోజనాల దగ్గర మరీ ఘోరం. అతను టిఫిన్ డబ్బా తెచ్చుకుని కూర్చోగానే మాటలు ఆగిపోతున్నాయి.

"ఉడుత పిల్లల్ని పెట్టిందట," అంటున్నాడు జానయ్య ఒకరోజు.

"ఎవరి ఉడుత?" అన్నాడు గిరి.

"ఉన్నదిలే, ఒకలింట్ల," అని జానయ్య పప్పులో మునిగిపోయాడు.

శుక్రవారం నాడు బాంబు పేలింది. సర్వర్ గది తలుపు గోడకు కొట్టుకుంది. ఎదురుగా భిక్షపతి, చేతిలో కాగితం. వెనక జానయ్య, మోచేతుల దాకా ఎర్రటి రంగుతో, హత్య చేసి వచ్చినవాడిలా.

"గిరీ! ఎరుపు ఆపి నీలం వెయ్యమని నేను జానయ్యకు మెయిల్ పంపిన. నాకేమొచ్చిందో ఇను. 'నమస్కారం. మీ ఉత్తరం చెత్తగా గుర్తించి పక్కన పెట్టడమైనది. పొరపాటని తోస్తే స్వాగత విభాగాన్ని సంప్రదించగలరు.' నా కంపెనీల నా మాటనే చెత్తనా?"

"నాకైతె మెయిలే రాలే," అన్నాడు జానయ్య. "నూలంత ఎర్రగయింది."

గిరికి సంగతి ఒక్కసారిగా వెలిగింది. ఆఫీసులో అందరూ ఇంగ్లీషులో రాస్తారు. తెలుగులో రాసేవాళ్లు ఇద్దరే, రోజూ రాసే మంజుల, ఎప్పుడో తప్ప రాయని భిక్షపతి. ఫిల్టర్ మంజులను నేర్చుకోలేదు. తెలుగు అక్షరం కనపడితే చెత్త అని నేర్చుకుంది.

ఆ వెంటనే రెండో సంగతి వెలిగింది. ఆ నమస్కారం చీటీ రాసింది తనే. సర్వర్ పెట్టిన రోజున భిక్షపతి చెప్పాడు, "మన గడపకొచ్చినోన్ని, దొంగనైనా సరే, పలకరియ్యకుండ పంపొద్దు" అని. గిరి రాసి పెట్టాడు, మరిచిపోయాడు. అంటే ఇన్నాళ్లూ మంజులకూ ఈ చీటీయే...

"నాకంటె ముందు నీకు చెత్తయింది ఎవరు?" భిక్షపతి అడిగాడు.

"మా... ఇంటామె సార్."

ఎవరూ నవ్వలేదు. గిరికి దానికే భయం వేసింది.

"మాకెరికే," అన్నాడు జానయ్య మెల్లగా. "ఆండాళమ్మ చెప్తది గద."

గిరి గేటు దగ్గరికి పరుగెత్తాడు. ఆండాళమ్మ ఫోన్ల పెట్టె మీద మోచెయ్యి తీయలేదు.

"పొరపాటైతె నాకు రాయమని నువ్వే పెడితివి. ఆ పిల్ల రాసింది. నేను జవాబిచ్చిన. అప్పటికెల్లి రోజు రాసుకుంటున్నం. ఇన్ని ఫోన్లకు కావలున్న గని, నాతోని మాట్లాడేటోళ్లు ఎవరున్నరు బిడ్డా?"

ఆండాళమ్మ చిరునామాకు జల్లెడ లేదు. ఫిర్యాదులు ఆగకూడదని గిరే తీసేశాడు.

"ఉడుత నిజంగనే పిల్లల్ని పెట్టిందా?" అన్నాడు గిరి.

"రెండు. ఒకదానికి నీ పేరే పెట్టింది. ఎంత పిలిచినా పలకదట."

గిరి ఫిల్టర్‌కు నేర్పినదంతా మరిపించి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. మంజుల ఆసు దగ్గర ఉంది. దారం చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు.

"మెషీన్ బాగయిందే. రేపటికెల్లి రాయి."

"ఏం రాయాలె?"

"ఉడుత ముచ్చట."

"ఆండాళమ్మకు చెప్పిన. చెప్పిన ముచ్చట మల్ల చెప్తె రుచి ఉండదు."

గిరి పీట లాగబోయి, అది నర్సింగమ్మ పీట అని గుర్తొచ్చి, నేల మీద కూర్చున్నాడు.

"మరి నాతోని కొట్లాడవైతివేందే?"

"ఎవరితోని కొట్లాడాలె? చెత్తన్నది మెషీనాయె." చెయ్యి ఆగలేదు. "మెషీనే అన్నదనుకున్న. నువ్వన్నవనుకుంటె, నీకు అన్నం పెట్ట చేతులు రాకపోతుండె."

దారి పొడుగునా నెమరేసుకున్న అబద్ధం అది. అతను నోరు విప్పకముందే ఆమె చేతిలో పెట్టేసింది. ఎక్కడ దాచుకోవాలో తెలియక గిరి అలాగే కూర్చున్నాడు.

మర్నాడు సర్వర్ గదిలో, పెళ్లయ్యాక మొదటిసారి భార్యకు తనంతట తాను మెయిల్ రాశాడు. తెలుగు అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేసరికి టీ చల్లారింది.

"ఈడ చలిగున్నది. గోడ మీద బల్లి ఉన్నది. పొద్దుగాలకెల్లి కదలలే. నేను సూస్తున్న, అది సూస్తాంది. నీకు చెప్పబుద్ధయింది."

పంపాడు. తెర ముందే కూర్చున్నాడు. ఎంతకీ ఏమీ రాలేదు. భోజనాల గంట కొట్టినా లేవలేదు. చివరికి టింగుమంది. మంజుల! గబగబా తెరిచాడు.

"నమస్కారం. మీ ఉత్తరం చెత్తగా గుర్తించి పక్కన పెట్టడమైనది. పొరపాటని తోస్తే ఆండాళమ్మను సంప్రదించగలరు."

గిరి రెండుసార్లు చదువుకుని, తలొంచుకుని గేటు దగ్గరికి నడిచాడు. ఆండాళమ్మ తలెత్తకుండానే కాలితో ఒక స్టూలు ముందుకు నెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"కూసో బిడ్డా. బల్లి సంగతి మొదటికెల్లి చెప్పు. బాగుంటె ఆ పిల్లకు పంపుత."