దీవెనమ్మ నడుం నొప్పి పర్మినెంటయింది

మునగలపూడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్వీపర్ దీవెనమ్మ నడుం నొప్పిని శుక్రవారం నాడు పర్మినెంట్ చేశారు. దండ కూడా వేశారు.

నొప్పులన్నీ మొదట టెంపరరీగానే చేరతాయి, ఇందులో వింతేమీ లేదు. మూడు రోజులకు మాత్రలు రాస్తారు, మళ్ళీ వస్తే మళ్ళీ పొడిగిస్తారు. టెంపరరీ నొప్పి అసలు ఉందో లేదో తేల్చే అధికారం డాక్టరుదే. ఒకాయన గ్యాస్ అన్నాడు, తర్వాతాయన వయసన్నాడు. ఆ తర్వాత వచ్చినాయన తలెత్తకుండానే "నీకేం లేదమ్మా, అంతా మనసులోనే" అనేశాడు. దీవెనమ్మకు ఒళ్ళు మండిపోయింది. నొప్పి భరించడం ఆమెకు అలవాటే గానీ, అబద్ధాలకోరు అనిపించుకోవడం అలవాటు లేదు. పర్మినెంటయిన నొప్పిని మాత్రం ఏ డాక్టరూ లేదనడానికి వీల్లేదు. ఆమెకు కావలసింది అదే.

కొత్తగా వచ్చిన డాక్టర్ నీలవేణి నొప్పిని ఇంటర్వ్యూకి పిలిచింది. అది దీవెనమ్మ నడుంలోంచి దిగి, స్టూలు మీద కూర్చుంది. దీవెనమ్మ నిటారుగా నిలబడింది. ఆమె అంత పొడుగు మనిషని ఆసుపత్రిలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"ఎక్స్‌రేలో కనపడవేం?" అని డాక్టరు నొప్పిని అడిగింది.

"కనపడటం నా డ్యూటీ కాదు మేడం."

"వంగినప్పుడు వస్తావా, లేచినప్పుడా?"

"రెండు షిఫ్టులూ నేనే మేడం. ఒక్క సెలవు పెట్టలేదు."

డాక్టరు ఆలోచనలో పడింది. బయట లైను గేటు దాటిపోయింది. మందు మారుద్దామంటే స్టాకు లేదు. పెద్దాసుపత్రికి పంపితే అక్కడ మళ్ళీ టెంపరరీ నుంచి మొదలు. చీపురు పట్టొద్దంటే కూడు పోతుంది. చివరికి "ఉంది, నేను నమ్ముతున్నాను" అని సంతకం పెట్టేసింది.

అబ్బో, ఆ సంబరం చూడాలి! నర్సులు చప్పట్లు కొట్టారు, లడ్డూలు పంచారు. లైన్లో ఉన్న మోకాళ్ళ నొప్పులు కూడా ఆశగా తొంగి చూశాయి. దీవెనమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

"పోస్టింగ్ ఎక్కడ మేడం?" అని నొప్పి అడిగింది.

"పాత చోటే."

నొప్పి దండతో సహా వెళ్ళి చార్జి తీసుకుంది. దాన్ని స్టూలు మీదే వదిలేసి పోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. దీవెనమ్మ మళ్ళీ వంగింది.

"మరి నా సంగతేందమ్మా? నేను దానికంటే ముందునించీ కాంట్రాక్టులో ఉండా గదా?" అని అడిగింది.

"అది మా చేతుల్లో లేదు దీవెనమ్మా. నొప్పుల వరకే మాకు అధికారం."

"పోనీలెండమ్మా," అంది దీవెనమ్మ, రాలిన బంతిపూల రెక్కల్ని గర్వంగా ఊడుస్తూ. "మా ఇంట్లో ఒకళ్ళకైనా గవర్నమెంటు ఉద్యోగం ఒచ్చింది."