కింకస్‌కు ఏమీ చేతకాదు

ఆ రోజు ఇంట్లో ఉన్నది జుల్మీరా అవ్వ, ఆమె కొడుకు వాల్దెసి, మనవరాలు ఇరాసి. కింకస్ కూర్చునే కర్ర మాత్రం ఖాళీగా ఉంది.

కింకస్ ఇరవై రెండేళ్లుగా అవ్వ పెంచుకున్న చిలుక. అనుమతి కాగితం లేదని మూడు వారాల కిందట అటవీ పోలీసులు పట్టుకుపోయారు. అవ్వ కోర్టుకెక్కింది. చిలుక సొంతంగా బతకగలిగితే మినాస్ కొండల్లోని అడవికి, లేకపోతే అవ్వకు అన్నాడు జడ్జి. అది తేల్చడానికే మార్లేని అనే పశువుల డాక్టరమ్మ ఆ ఉదయం కింకస్‌ను తీసుకుని వస్తోంది.

"అమ్మా, ప్లీడరు చెప్పింది గుర్తుందిగా? వాడికేమీ చేతకాదని చెప్పు. అంతే," అన్నాడు వాల్దెసి.

"అలాగేలేరా. నేనేమైనా చిన్నపిల్లనా?"

డాక్టరమ్మ బోను కింద పెట్టగానే అవ్వ కాఫీ పోసి, వేడి వేడి చీజు ఉండలు ముందుంచింది.

"పాపం, రెక్కల్లో బలం లేనట్టుంది," అంది డాక్టరమ్మ.

"ఎవరికి, వీడికా? నాతోపాటు చర్చి దాకా ఎగిరొచ్చి, ప్రార్థన అయ్యాక నాకంటే ముందే ఇంట్లో ఉంటాడు!"

డాక్టరమ్మ రాసుకుంది. వాల్దెసి దగ్గాడు.

"మేత మీరే పెట్టాలేమో?"

"మా వీధిలో ఎవరి మొక్కజొన్న మిగిల్చాడని!"

"గద్దంటే భయం డాక్టరమ్మా, చచ్చేంత భయం," వాల్దెసి అడ్డుపడ్డాడు.

"నోర్ముయ్యరా! గద్ద తోక పీకాడు నా బిడ్డ!"

ఇరాసి కావాలనే కప్పు జారవిడిచింది. "ఇంకోటి తెచ్చుకోవే," అని అవ్వ రెండో గద్ద సంగతి ఎత్తుకుంది.

డాక్టరమ్మ చదివి వినిపించింది. "బాగా ఎగురుతుంది. తిండి వెతుక్కుంటుంది. శత్రువును ఎదిరిస్తుంది. అంటే అడవికే కదమ్మా?"

అవ్వ ముఖం పాలిపోయింది. "అన్నీ అబద్ధాలే తల్లీ. ఉరిమితే నా పావడాలో దూరతాడు. వాడు లేకపోతే నాకు..."

"ఏది రాయమంటారు? దాన్నే అడుగుదాం," అని డాక్టరమ్మ పెరటి గుమ్మంలో బోను తెరిచింది.

కింకస్ బయటికొచ్చి రెక్కలు బార్లా చాపాడు. ఎదురుగా కొండ, పైన ఆకాశం. అవ్వ పిలవలేదు. "నీ ఇష్టం నాన్నా," అంది మెల్లగా.

కింకస్ రెక్కలు ముడిచాడు. వెనక్కి తిరిగి, ఊరి పెద్దలా ఒక్కో అడుగే వేసుకుంటూ, అవ్వ కాళ్ల పక్కనుంచి వంటింట్లోకి నడిచిపోయాడు. డాక్టరమ్మ మూడు వాక్యాలూ కొట్టేసి, "ఇల్లు వదలడు," అని రాసింది.

అవ్వ కళ్లు తుడుచుకుంటూ వాడి వెనకే పరుగెత్తింది. ఇన్నాళ్లూ తనను ఎందుకు వదిలేసిందని అలిగిన కింకస్, ముక్కుతో నెట్టి వంటింటి తలుపు ఆమె మొహానే వేసేశాడు.

వాడికి తలుపులు వేయడం కూడా వచ్చని డాక్టరమ్మ రాసుకోలేదు.