ఈరేశ్ కారుకు నాలుగో వేలు

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు రాయచెర్లు ఈరేశ్ తన భార్య సవిత మీద కుట్ర మొదలుపెట్టాడు.

కుట్రకు మూలం కారు. పొలాన్ని సోలారు ప్లేట్లకు కౌలుకిచ్చాక కొన్న పాత ఎర్ర కారు. దానికి ఈరేశ్ పెట్టుకున్న పేరు చిరుత. సవిత వాడుకునే తీరు చూస్తే మాత్రం అది గాడిద. అందులో తవుడు ఎక్కింది, పెళ్లి వంటపాత్రలు ఎక్కాయి, ఒకసారి పొట్టేలు కూడా ఎక్కి వెనక సీటు రుచి చూసింది.

"నాగలమడికలో వాన పడినాదంట. అమ్మకు విత్తనం చెనక్కాయలు ఈ పొద్దే చేరాల. ఎప్పుడు పోదాం?" అంది సవిత.

"పోలేము. కారుకు పొట్టి స్ప్రింగులు ఏయిస్తాండా. రేసు కారు మాదిరి నేలకానుకోని పోతాది. బరువేస్తే రోడ్డు మీద హంపు కాడ కారు అడుగు తగులుకుంటాది."

"ఉండే స్ప్రింగులకేమొచ్చింది?"

"పొడుగుండాయి."

"నువ్వూ పొడుగుండావు. నిన్ను నరికినానా?"

సవితే పందెం కట్టింది.

"సరే. మూటలేసుకోని హంపు దాటలేదంటే నేను షేరాటోలో పోతా. జన్మలో నీ కారు అడగను. దాటిందంటే మాత్రం, నేను యాడికంటే ఆడికి, ఎవరినెక్కించమంటే వాళ్లను."

"మాట మీదుంటావా?"

"నేనుంటా. నువ్వుండు."

ఇరవై నిమిషాల్లో చిరుత పావగడ కొండ కింద మధుకుమార్ గ్యారేజిలో ఉంది.

మధుకుమార్ కొలత టేపును నమ్మడు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు దూర్చి కొలుస్తాడు. "వెనక మూడు వేళ్లు" అని ప్రకటించి పని మొదలుపెట్టాడు. ఈరేశ్ మూడు టీలు తాగాడు. రెండున్నర గంటల తర్వాత కారు జాకీ దిగింది. మధుకుమార్ మళ్లీ వేళ్లు దూర్చాడు.

మూడు దూరాయి. నాలుగోదీ దూరింది!

"ఏందిప్పా ఇది? పొట్టివేస్తే కారు పొడుగైంది!"

"తొందరపడాకన్నా. స్ప్రింగు సర్దుకోని కూర్చోవాల."

"కూర్చోబెట్టు మరి! కుర్చీ తెద్దునా?"

బస్టాండు దాకా రెండు రౌండ్లు తిప్పారు. నాలుగు వేళ్లు. స్ప్రింగు తలకిందులైందేమోనని విప్పి చూశారు. నిటారుగానే ఉంది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బోల్టులు బిగించానేమోనని మధుకుమార్ వాటిని వదులు చేసి, కారు నేల మీద నిలిచాక మళ్లీ బిగించాడు. నాలుగు వేళ్లే. నేల వాలేమోనని కారును అటు తిప్పి ఇటు నిలబెట్టారు. నాలుగే!

ముందు మాత్రం బ్రహ్మాండంగా దిగింది. కానీ మూటలు పడేది వెనక. ఆ వెనకే లేచి కూర్చుంటే హంపు దాటక ఏం చేస్తుంది? జన్మజన్మల తవుడు బస్తాలు ఈరేశ్ కళ్ల ముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే షేరాటో ఆగింది. సవిత దిగింది.

"ఇదేనా రేసు కారు? మేక వంగి నీళ్లు తాగినట్లుండాది." నేరుగా పోయి డిక్కీ తెరిచింది. "నా మూటలేవి?"

"ఏ మూటలు?"

"విత్తనం మూటలప్పా! నెల కిందటే ఏసినా కదా ఇందులో!"

ఈరేశ్‌కు తెలియదు. ఏ చాకిరీ కనిపిస్తుందోనన్న భయంతో ఆయన డిక్కీ తెరవడం మానేసి చాలా కాలమైంది.

"షెడ్డులో ఉండాయక్కా. స్ప్రింగు విప్పేదానికి నేనే దించినా" అన్నాడు మధుకుమార్.

"కొలవక ముందా, కొలిచినాకనా?"

"కొలిచినాక." మధుకుమార్ తన వేళ్లకేసి చూసుకున్నాడు.

మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట కొలిచింది మూడు మూటల కింద నలిగిన కారును. తర్వాత కొలిచింది ఖాళీ కారును. ఖాళీగా ఉంటే దాని అసలు ఎత్తు ఎంతో ఎవరికీ తెలియదు. అది ఎప్పుడు ఖాళీగా ఉంది గనక!

"అట్లయితే కారు దిగిండాది!" ఈరేశ్ ఎగిరి గంతేశాడు. "పదండి హంపు కాడికి!"

బస్టాండుకు అవతలి వైపు, వీధి చివర హంపు. ఖాళీ కారు ముక్కు దానికి తగిలి గర్‌ర్‌ర్‌మంది. బంపరు మీద జానెడు గీత. ఇంకొకడైతే ఏడ్చేవాడు. ఈరేశ్ చప్పట్లు కొట్టాడు.

"చూసినావా! ఖాళీగానే ఇట్లుండాది. మూటలేస్తే?"

"ఏసి చూడు. పందెం మూటలతోనే కదా."

మూటలు డిక్కీలో పడ్డాయి. తోక కాస్త దిగింది. దాంతోపాటే, ఈరేశ్ చూస్తుండగానే, ముక్కు లేచింది. మధుకుమార్ వెనక వేళ్లు దూర్చాడు.

"మూడన్నా. పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే. గట్టి స్ప్రింగులు కదా, బరువుకు శానా దిగవు."

"ఈ మాట ముందే చెప్పకూడదా?"

"నువ్వు పొట్టివని అడిగితివి. గట్టివా మెత్తనివా అని యాడ అడిగితివి?"

కారు హంపు మీద నుంచి నీళ్ల మీద పడవలా జారిపోయింది. వెనక సీట్లో సవిత ఇకపై పోవాల్సిన ఊళ్లను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బంపరు మీద గీత కంటే అదే ఈరేశ్‌కు ఎక్కువ నొప్పి పెట్టింది.

నాగలమడికలో అత్త సుబ్బలక్ష్మమ్మ మూటలు దింపించుకుంది. డిక్కీ ఖాళీ. చిరుత మళ్లీ ముక్కు నేలకు ఆనించింది.

అప్పుడు వెలిగింది ఈరేశ్‌కు. ఇంటికి పోవాలంటే ఇంకా నాలుగు హంపులు. ఇప్పుడే కాదు, ఇకపై ఏ పొద్దు బండి తీసినా వెనక బరువుండాలి!

"రెండు బండరాళ్లు ఏసుకుందామా?" అన్నాడు నీరసంగా.

"రాళ్లెందుకు నాయనా?" సుబ్బలక్ష్మమ్మ అప్పటికే సంచి సర్దుకుని వచ్చింది. "విత్తేది నా కొడుకు నాగప్ప చూసుకుంటాడు. నేను పదైదు దినాలు మీ ఇంట్లోనే ఉంటా. సవిత రమ్మనింది."

వెనక తలుపు తెరుచుకుంది. అత్త ఎక్కింది. ముక్కు లేచింది.

ఊరి చివర మొదటి హంపు కనిపించగానే ఈరేశ్ బండి నెమ్మది చేశాడు. అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"అత్తా," అన్నాడు, పెళ్లయినప్పటినుంచి ఎన్నడూ లేనంత వినయంగా, "రోంత వెనక్కి ఆనుకోని కూర్చోవా?"