పాత వెర్షనులో ఉండిపోయిన కాళ్ళు

మండలాఫీసు కంప్యూటరు కొత్త వెర్షనులోకి మారుతూ మధ్యలో ఆగిపోవడంతో, పైడమ్మ నడుము కింది భాగం పాత వెర్షనులోనే ఉండిపోయింది. ఊరందరిదీ అదే వరస కనుక ఎవరూ పెద్దగా యాగీ చేయలేదు. కోడలు సన్యాసమ్మ పేరు ఇంకా పుట్టింటి మండలంలోంచి మారలేదు గనక, ఆ ఒక్కదానికీ కాళ్ళు దక్కాయి.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, తప్పు మిషనుది కాదు. తహసీల్దారుగారు నిష్ఠాపరులు, రాహుకాలంలో కొత్త పని సాగనివ్వరు. అప్‌గ్రేడు సగంలో ఉండగా రాహుకాలం వచ్చింది, స్విచ్చి కట్టేయించారు. అది దాటాక కొబ్బరికాయ కొట్టి మళ్ళీ వేయించారు. తెర నీలంగా వెలిగి, దయచేసి వేచి ఉండండి అంది. ఇప్పటికీ అదే అంటోంది.

పాత వెర్షనులో కాళ్ళకి లోటేమీ లేదు. పొద్దున్నే మడిలోకి దిగుతున్నట్టున్నాయి, అరికాళ్ళకి బురద చల్లగా తగులుతుంది. ఇక్కడ మాత్రం ఆమెని తట్టలో కూర్చోబెట్టి తిప్పాలి. నాట్లు దగ్గరపడ్డాయి, కాళ్ళు లేని కూలిమనిషిని ఎవరు పిలుస్తారు? అందుకని కోడలు చంకన పసిపిల్లనీ నెత్తిన అత్తనీ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

ఆపరేటరు గవరయ్య మర్యాదస్తుడు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాడు. పెట్టె మూత విప్పి దుమ్ము ఊదాడు.

"దించుతావేటే, ఇలాగే మోస్తావేటి?" అంది పైడమ్మ.

"దించితే మల్లీ ఎత్తేదెవులత్తా? కాళ్ళు రానీ, నువ్వే దిగుదువుగాని," అంది కోడలు.

"ఒక దారుంది పైడమ్మా," అన్నాడు గవరయ్య. "మొత్తం పాత వెర్షనుకి వెనక్కి తీసుకెళ్ళిపోవచ్చు. నీ కాళ్ళు నీకొచ్చేస్తాయి."

"నొక్కీ బాబూ, పున్నెముంటది."

"నొక్కుతాను. కాని అప్‌గ్రేడు తరవాత చేరినవేవీ మిగలవు." అతను చంకలోని పిల్ల వంక చూశాడు. "ఈ పాప తరవాతే పుట్టింది కదేటి?"

కోడలు పిల్లని బిగించి పట్టుకుంది. నెత్తిమీద నుంచి ఏ మాట వస్తుందోనని చెవి ఒగ్గింది.

"ఆ కాళ్ళనక్కడే ఉండనీ బాబూ," అంది పైడమ్మ. "ఆ మడైనా నాటనీ."

"అయితే వేచి ఉంటారని నొక్కేస్తున్నాను," అని గవరయ్య నొక్కేశాడు.

ఆ వారమే ఆఫీసు గోడకి నోటీసు అంటించారు: కాళ్ళ గురించి చెప్పుకోదలచినవారు స్వయంగా నడిచి రావాలి, మోయించుకుని వచ్చినవారిని లోపలికి రానివ్వరు. నెల తిరిగినా ఒక్క మనిషీ రాలేదు. ప్రజల నుంచి ఫిర్యాదులేవీ లేవని తహసీల్దారుగారు పైకి రాశారు. అది చూసి మిగతా మండలాలకి కూడా అప్‌గ్రేడు మంజూరు చేశారు. అందులో కోడలి పుట్టింటి మండలమే ముందుంది.

పైడమ్మ ఆ కబురు విని కోడల్ని కేకేసింది.

"నడవగలిగినప్పుడే మేదరోళ్ళ ఇంటికెళ్ళి, ఇంకో తట్ట అల్లమని చెప్పి రాయే."