గోడ మీద గాటు

చెకప్‌కి వెళ్లడం మానేసిన రోజే అనకాపల్లి బెల్లం వ్యాపారి గ్రంధి సోమలింగానికి రోగం ముదరడం ఆగిపోయింది. అప్పటికి అతని చేతిలో ఉన్న సరుకు: కాలేయంలో ఒక గడ్డ, దాని మీద ఆసుపత్రివాళ్లు పరీక్షిస్తున్న కొత్త మందు, భార్య సుందరమ్మ.

ఆసుపత్రి గోడ మీద, ఆ మందు వాడేవాళ్లలో ఎందరు మిగిలారో చూపే మెట్ల గీత ఉంటుంది. రోగి పోతే గీత ఒక మెట్టు దిగుతుంది. రోగి రావడం మానేస్తే దిగదు, అక్కడొక చిన్న గాటు పెడతారు. ఆ తర్వాత అతనికేమైందో ఎవరికీ తెలియదు కనుక అతనికేమీ కాదు. అదీ నియమం.

బెల్లం సీజన్లో తీరిక దొరక్క సోమలింగం గాటయ్యాడు. మర్నాటికి నొప్పి పోయింది. గోళ్లు పెరగడం మానేశాయి. ఖర్చు లేని లాభాన్ని అతను ఎన్నడూ నమ్మినవాడు కాదు. ఖర్చు ఎక్కడుందోనని వెతికాడు.

అది ఇంట్లోనే కనిపించింది.

"మీ ఆయనకెలాగుంది సుందరమ్మా?" అని పొరుగావిడ అతని ఎదుటే అడిగింది.

"ఆఖరిసారి సూసినప్పుడు బాగానే ఉన్నారప్పా."

సుందరమ్మ నుదుట సగం బొట్టే ఉంది. గాటు పడ్డ ఇళ్లలో అదే పద్ధతి. "నానిక్కడే ఉన్నానే" అని సోమలింగం అంటే, గాలికి తలుపు కొట్టుకుందనుకుని గడియ పెట్టింది.

గాటైనవాళ్లు ఆసుపత్రివాళ్లకు మాత్రం కనిపిస్తారు, గాటు పెట్టింది వాళ్లే కనుక. సోమలింగం కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

"నన్ను మళ్లీ లెక్కలోకి తీసుకోమ్మా."

"గాటు చెరపడం కుదరదు బాబూ," అంది కౌంటరులోని అమ్మాయి. "మీలాంటోళ్లు ఎక్కువయ్యేకే గీత కిందకి దిగకుండా నిలబడింది. మా పెద్ద డాక్టరుగారికి మీరంటే ఎంత అభిమానమో."

"మరి దారే లేదా?"

"ఉంది. మెట్టు దిగొచ్చు. అప్పుడు మీ ఇంటికి మేమే ఫోన్ చేసి చెప్తాం."

"అర మెట్టు దిగితే?"

"అరలుండవండి."

"పోనీ, మెట్టే దిగుతాను. ఇంటికెళ్లి ఓ పూట భోంచేసే టైమిస్తారా?"

అమ్మాయి లోపలికెళ్లి అడిగొచ్చింది. ఇస్తారట.

అతను ఇల్లు చేరేసరికి సుందరమ్మ గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. నుదుట ఉన్న సగాన్ని తుడిచేసుకుంది. తర్వాత తలెత్తి నేరుగా అతన్నే చూసింది.

"ఎంత సిక్కిపోయేరండీ," అంది.

కంచం నిండా వడ్డించింది. గడ్డ మళ్లీ నొప్పెట్టడం మొదలైంది. సోమలింగం తీరిగ్గా తింటూ లెక్క చూసుకున్నాడు. పోయింది, ఎంతో తెలియని ఆయుష్షు. వచ్చింది, ఒక చూపు, ఒక మాట, గోడ మీద ఒక మెట్టు. ఊళ్లో చాలామందికి ఈపాటి కూడా గిట్టుబాటు కాలేదని గుర్తుచేసుకుని, మజ్జిగ అడిగాడు.