మంచం ఎత్తు తగ్గిన రోజు

ఆ ఉదయం అత్తగారు పెట్టుకున్న పని ఒక్కటే. కోడలు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆమె కుక్కను నేల మీదే ఉంచాలి. వేరే కాపురం ఉంటున్న కోడలు తనను ఒక సాయం అడగడం ఇదే మొదలు. "నీకెందుకమ్మా దిగులు, నేనున్నాగా" అని చొరవగా అందుకుంది గానీ, లోపల బెరుకే. ఇది చెడితే ఆ పిల్ల మళ్లీ గుమ్మం తొక్కి ఏదీ అడగదు.

కుక్కది డాష్‌హండ్ జాతి. జానెడు కాళ్లు, బారెడు నడుము, ఏనుగు ఎదురైనా పక్కకి తప్పుకోని పొగరు. పేరు సేనాపతి.

"దూకితే వీడి వెన్నుపూస దెబ్బతింటుందత్తయ్యా. మంచం, సోఫా ఎక్కనివ్వకండి. పిలిస్తే రాడు, బతిమాలాలి" అని చెప్పి నర్సు కోడలు హాస్పిటల్‌కి పరుగెత్తింది.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, సేనాపతి స్టూలు మీదుగా మంచమెక్కి దర్జాగా కిందికి దూకాడు. అత్తగారు మామగారిని కేకేసింది.

"ఏవండీ, మీ పేపరు మండా! వీడి నడుం విరిగితే ఆ పిల్లకి నా మొహం ఎలా చూపించను?"

మామగారు రిటైరైన సర్వేయరు. "ఎత్తే కదా సమస్య? తగ్గిద్దాం" అని రంపం తీశారు. స్టూలు జరిపితే సరిపోయేదని ఇద్దరికీ తోచలేదు. ఒక కాలు కోశారు. చదును చూసే రసమట్టంలో బుడగ ఇటు జరిగింది. రెండోది కోస్తే అటు జరిగింది. గోడ గడియారం కాస్త ఒరిగినా అన్నం సహించని మనిషాయన. మధ్యాహ్నానికి ఆ మంచం చాపకి అన్నగారిలా మిగిలింది.

మంచం కింద తన కోట కూలిపోయినందుకు సేనాపతి ఇల్లెగిరిపోయేలా మొరిగాడు. ఏమైందోనని పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. కాళ్లు లేని మంచం. దాని పక్కన నేలకు చెంప ఆనించి సందు కొలుస్తున్న మామగారు. "ఆ నడుం పోతే నేనేం చేసుకోను!" అని ముక్కు చీదుతున్న అత్తగారు. పక్కింటావిడ మంచం విరిగి ఆయన నడుం పోయిందనుకుంది. తిన్నగా కోడలికి ఫోన్ చేసింది.

కోడలు స్ట్రెచర్‌తో సహా దిగింది.

"మావయ్యా, కదలకండి!"

"నాకేమైందమ్మా?" అంటూ మామగారు చటుక్కున లేవబోయారు. నడుంలో కటుక్కుమంది. అప్పుడైంది.

అత్తగారికి ఏడుపూ సిగ్గూ కలిసి వచ్చాయి. "నీ కుక్కకేం కాలేదు తల్లీ. దూకుతాడన్న భయంతో నేనే మంచం కోయించాను. ఇంక వాణ్ని నా దగ్గర వదలవులే."

కోడలు మంచాన్ని చూసింది. అత్తగారి జుట్టునిండా పడ్డ రంపపు పొట్టును చూసింది. స్ట్రెచర్ మీద మామగారి పొట్టనెక్కి, దిగమంటే గుర్రుమంటున్న సేనాపతిని చూసింది. నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"వాడి కోసం ఇంత చేసేవాళ్లు నాకింకెవరున్నారత్తయ్యా? రేపూ వదుల్తాను. సాయంత్రం నాకూ ఇక్కడే ఇంత అన్నం పెట్టండి."

డాక్టరు మామగారిని కొన్నాళ్లు మంచం దిగొద్దన్నాడు. దిగడానికి అక్కడ ఎత్తంటూ ఏమీ మిగల్లేదు.