చింతపండులో పడ్డ ముక్కుపుడక

పొద్దున్న కంసాలి వేసుకున్న లెక్క చాలా చిన్నది. హెడ్‌మిస్ట్రెస్ గారి ముక్కుపుడకకు ఊడిన రాయి బిగించడం నిన్ననే అయింది. వంటింటి గట్టు మీద గిన్నెలో చింతపండు నానేసి, పుడకను అందులో పడేశాడు. కాసేపు నానితే బంగారం తళతళలాడుతుంది. మధ్యాహ్నం ఆవిడ వస్తే ఇచ్చేయడమే. అది వాళ్ళమ్మ పోతూ ఇచ్చిన పుడక. ఇలాంటిది ఇంకోటి దొరకదు, జాగ్రత్త అని ఆవిడ బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పి మరీ వెళ్ళారు.

స్నానం చేసి వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. పక్కనే పొయ్యి మీద కూర కుతకుతలాడుతోంది. కంసాలి గట్టంతా వెతికినా పుడక కనిపించలేదు. వంటగిన్నెలు తన పనికి వాడొద్దని భార్య మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఇప్పుడు అడిగితే పుడక సంగతి తరవాత, ముందు గిన్నె సంగతి తేలుస్తుంది. అందుకే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

చెత్తబుట్టలోని చింతపండు పిప్పిని వేళ్ళతో చిదిమి చూశాడు. గింజలు, ఈనెలు తప్ప ఏమీ లేవు. అంటే కూరలోనే ఉందన్నమాట. గరిటె తీసుకుని అడుగు నుంచి దేవడం మొదలుపెట్టాడు. ఎందుకో ఆ రోజు మహా హుషారుగా ఉన్న భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. కూరలో పులుపు ఎక్కువైందని, పారబోసి ఇంకోటి వండమని తల ఎత్తకుండానే అన్నాడు. రుచి చూడకుండా ఎలా తెలిసిందని ఆవిడ అడిగితే, వాసన అన్నాడు. ఆవిడ హుషారంతా చప్పున చల్లారిపోయింది.

అనుకున్న వేళకంటే ముందే హెడ్‌మిస్ట్రెస్ దిగబడ్డారు. ఇంకాస్త మెరుగు పెట్టాలని కంసాలి నీళ్ళు నమిలాడు.

"అందాకా భోంచేయండమ్మా. ఈ కూర పులుపో కాదో మీరే చెప్పండి" అంటూ భార్య పళ్ళెం పెట్టేసింది.

కంసాలి గుమ్మంలో నిలబడి ముద్ద ముద్దకూ చచ్చి బతికాడు. బాగా నమిలి తినమని బతిమాలాడు. ఆవిడ వింతగా చూశారు. ఒకసారి పంటి కింద టక్కుమంది. కంసాలి పరుగున వెళ్ళి దోసిలి పట్టాడు. అందులో చింతగింజ పడింది. కూర బ్రహ్మాండంగా ఉందని ఆవిడ మారు వడ్డించుకుని గిన్నె ఖాళీ చేసేశారు. ఖాళీ గిన్నెలో పుడక లేదు.

"అమ్మా, క్షమించండి. మీ పుడక మీరే మింగేశారు" అన్నాడు కంసాలి.

హెడ్‌మిస్ట్రెస్ చూపు అతని మీద లేదు. మంచినీళ్ళు పోస్తున్న అతని భార్య మీద ఉంది.

"మరి ఆవిడ ముక్కుకున్నదేమిటి?"

కంసాలి ఆ రోజుకి అప్పుడే మొదటిసారి భార్య ముఖం చూశాడు.

"చింతపండు పిసుకుతుంటే చేతికి తగిలింది. ఇన్నేళ్ళకి నాకోసం చేసి అందులో దాచారనుకున్నాను. పొద్దున్నుంచీ మీ ఎదురుగానే తిరుగుతున్నాను కదండీ" అందావిడ మెల్లగా.

కంసాలికి పుడక దొరికిన సంతోషం కంటే సిగ్గే ఎక్కువైంది. భార్య పుడక తీసి, కడిగి ఇచ్చేసి, తన పాత ఇత్తడి చుక్క మళ్ళీ పెట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ లేచి చేయి కడుక్కున్నారు. వెళుతూ వెళుతూ, అచ్చం ఇలాంటిదే ఇంకో పుడక వారంలో తయారు కావాలని, తానే వచ్చి చూస్తానని కంసాలికి చెప్పారు.

ఎవరి ముక్కుకని కంసాలి అడగలేదు.